రంగులేసే కోడిగుడ్లు: పెంకు పగలకుండా ఉడకబెట్టడం నుంచి పులుసులో పడేదాకా

ఈస్టర్ ముందు వారం వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్‌లో నన్ను లిఫ్ట్ దగ్గర ఆపి అడిగేవి మూడే ప్రశ్నలు. గుడ్లు ఉడికేటప్పుడే ఎందుకు పగిలిపోతున్నాయి? రంగు మచ్చలు మచ్చలుగా ఎందుకు పడుతోంది? పిల్లలు రంగేసిన గుడ్డు తినొచ్చా, పారేయాలా? ఈస్టర్ చేసుకోని ఇళ్లవాళ్లు కూడా వేసవి సెలవుల్లో పిల్లల గోల తట్టుకోలేక ఇదే అడుగుతున్నారు. అందుకే మొత్తం ఒకచోట రాసిపెడుతున్నాను.

ముందే ఒక మాట. గుడ్డు ఉడకబెట్టడం మనకెవరూ నేర్పక్కర్లేదు, నిజమే. కానీ మనం ఉడకబెట్టేది కూరకి. అక్కడ పెంకు ఎలాగూ చెత్తబుట్టలోకి పోయేదే కాబట్టి పగిలినా పట్టించుకోం. రంగులకైతే పెంకే కాగితం. అది పగలకూడదు, గరుకుగా ఉండకూడదు, దానిమీద నూనె జిడ్డు, సున్నపు తెట్టు ఉండకూడదు. కింద చెప్పేదంతా ఆ పెంకును కాపాడుకోవడం కోసమే.

## 1. గుడ్లు ఎన్ని, ఎలాంటివి

పిల్లకి నాలుగు, పెద్దలకి తలా రెండు లెక్క వేసుకోండి. ఆపైన ప్రతి డజనుకి రెండు అదనం. ఎంత జాగ్రత్తపడ్డా ఒకటో రెండో పోతాయి.

తెల్ల పెంకు గుడ్లే తీసుకోండి. మన కిరాణా కొట్లలో ట్రేలలో ఉండే ఫారం గుడ్లు ఎక్కువగా తెల్లవే, ఈ పనికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. నాటుకోడి గుడ్లు రుచికి మంచివే గానీ లేత గోధుమరంగు పెంకుమీద నీలం, పసుపు మసకబారతాయి. ఉల్లి పొట్టు రంగుకి మాత్రం అవే బాగుంటాయి, ఇంకా ముదురుగా వస్తుంది.

రంగేసే రోజుకి నాలుగైదు రోజుల ముందే కొని ఫ్రిజ్‌లో పెట్టండి. మరీ తాజా గుడ్డు ఒలిస్తే పెంకుతోపాటు తెల్లసొన ఊడి వస్తుంది. రోజులు గడిచేకొద్దీ గుడ్డులోని కార్బన్ డయాక్సైడ్ పెంకు రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. దాంతో తెల్లసొనలో క్షారగుణం పెరిగి, లోపలి పొరకి అంటుకునే పట్టు తగ్గుతుంది. అప్పుడు పెంకు సాఫీగా వస్తుంది.

కొనేటప్పుడు ట్రే కింద చెయ్యి పెట్టి చూడండి. తడిగా తగిలితే అందులో పగిలినది ఉన్నట్టే.

ఇంటికి తెచ్చాక పిల్లలకి అప్పగించాల్సిన మొదటి పని ఒకటుంది. గదిలో లైట్లన్నీ తీసేసి, ఫోన్ టార్చి మీద గుడ్డు నిలబెట్టి నెమ్మదిగా తిప్పమనండి. గుడ్డంతా నారింజరంగులో వెలుగుతుంది. వెంట్రుకలాంటి పగులేదైనా ఉంటే ప్రకాశవంతమైన గీతలా కనిపిస్తుంది. మావాడు దీనికి డాక్టర్ ఆట అని పేరు పెట్టాడు. పగులున్నవి ఆమ్లెట్‌కి, లేనివి రంగుకి. టార్చి ఓపిక లేకపోతే రెండు గుడ్లని మెల్లిగా ఒకదానికొకటి తాకించండి. బాగున్నవి టిక్కుమంటాయి, పగిలినది మొద్దుగా మోగుతుంది.

## 2. పొయ్యి వెలిగించే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ వెడల్పాటి స్టీలు గిన్నె, లేదా ఇడ్లీ పాత్ర
☐ గిన్నె అడుగున వేయడానికి చేతిరుమాలంత పాత నూలుగుడ్డ
☐ ఐస్ ముక్కలు, పెద్ద బేసిన్
☐ తెల్ల వెనిగర్ సీసా (లేకపోతే నిమ్మకాయలు)
☐ ఆహారపు రంగులు, లేదా పసుపు, ఉల్లి పొట్టు, ఎర్ర క్యాబేజీ
☐ గాజు గ్లాసులు లేదా పాత కాఫీ మగ్గులు, రంగుకి ఒకటి
☐ పొడుగు గరిటెలు, అవి కూడా రంగుకి ఒకటి
☐ పాత న్యూస్‌పేపర్లు, టిష్యూలు
☐ తెల్ల కొవ్వొత్తి, మైనపు క్రేయాన్లు, రబ్బరు బ్యాండ్లు
☐ పాత ప్లాస్టిక్ గాజులు, గుడ్డుకి ఒకటి

గాజులెందుకంటారా? గుడ్డు ఆరడానికి అంతకన్నా మంచి పీట లేదు. గాజు నడుమ నిలబెడితే గుడ్డు దొర్లదు, కింద ఆనే చోటు కూడా సన్నని గీతంతే. అట్ట ట్రేలో ఆరబెడితే తడిరంగు అట్టకి అంటుకుని, తీసేటప్పుడు అట్ట పీచు గుడ్డు మీదికి వచ్చేస్తుంది.

## 3. నీళ్ల విషయం తేలిగ్గా తీసుకోకండి

రంగు మచ్చలుగా పడటానికి మన హైదరాబాద్‌లో చాలామందికి తట్టని కారణం ఇది. బోరు నీళ్లతో గుడ్లు ఉడకబెడితే, ఆరిన తర్వాత పెంకు మీద తెల్లటి పొడి తెట్టు కడుతుంది. గీజర్లో, కెటిల్లో అడుగున పేరుకునేది కూడా అదే. దాని మీద రంగు సమంగా పట్టదు. పైగా ఆ నీళ్లతోనే రంగు కలిపితే, మనం వేసే వెనిగర్ పులుపులో కొంత ఆ సున్నమే తినేస్తుంది.

కాబట్టి ఉడకబెట్టడానికి మంజీరా నీళ్లు (కుళాయిలో వచ్చే మున్సిపల్ నీళ్లు), రంగు కలపడానికి ఫిల్టర్ నీళ్లు వాడండి. బోరు నీళ్లు తప్ప దిక్కులేకపోతే, ఉడికే నీళ్లలో ఒక చెంచా వెనిగర్ వేయండి, తెట్టు తగ్గుతుంది. ఒక చెంచా దాటొద్దు.

అల్యూమినియం గిన్నె వద్దు. గుడ్లు ఉడికితే అది నల్లబడుతుంది, వెనిగర్ పోస్తే ఇంకా పాడవుతుంది. ఉల్లి పొట్టు మరిగించడానికి ఇనప మూకుడు కూడా వద్దు, రంగు నలుపులోకి తిరుగుతుంది. అన్నిటికీ స్టీలే మంచిది.

## 4. కడగడం

పొయ్యి మీద పెట్టే ముందు మాత్రమే కడగండి, ముందురోజు కాదు. గోరువెచ్చని నీళ్లలో మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. పీచు పెట్టి రుద్దడం, సబ్బు రాయడం రెండూ తప్పే. పెంకు పైన కంటికి కనిపించని పలుచని పొర ఒకటుంటుంది. రంగు ముందు పట్టుకునేది దాన్నే. ఒకచోట రుద్ది, మరోచోట వదిలేస్తే రంగు కూడా అలాగే అతుకులు అతుకులుగా వస్తుంది.

పచ్చి గుడ్లు ముట్టుకున్నాక పిల్లలతో చేతులు సబ్బుతో కడిగించండి. కోడి రెట్ట మరకలున్న పెంకుతో పని కదా.

## 5. ఉడకబెట్టడం

మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం చెబుతాను. ట్రేలోని 30 గుడ్లనీ రెండు విడతలుగా కుక్కర్లో వేసి, రెండేసి విజిల్స్ రానిచ్చాను. మూత తీస్తే 11 పగిలి ఉన్నాయి. మిగిలినవాటికి రంగేశాం. తినేటప్పుడు చూస్తే ఒక్కొక్క పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ రింగు, గంధకం వాసన. మా అత్తగారు ఏమీ అనలేదు గానీ ఆ రోజు చారుతో సరిపెట్టుకున్నారు.

అప్పట్నుంచి నాకు కుదిరినవి రెండు పద్ధతులు.

పద్ధతి ఒకటి: చల్లనీళ్లతో మొదలుపెట్టడం (ఎక్కువ గుడ్లకి)

1) ఫ్రిజ్‌లోంచి గుడ్లు తీసి అరగంట బయట ఉంచండి. చల్లటి గుడ్డుకి ఒక్కసారిగా వేడి తగిలితే, లోపలి గాలి వ్యాకోచించి పెంకుని పగలగొడుతుంది.

2) గిన్నె అడుగున నూలుగుడ్డ మడిచి వేయండి. నీళ్లు మరిగేటప్పుడు గుడ్లు అడుగుకి కొట్టుకోకుండా ఆపేది ఇదే.

3) గుడ్లు ఒకే వరసలో పేర్చండి. ఒకదానిమీద ఒకటి వద్దు. చోటు చాలకపోతే రెండోసారి పెట్టండి.

4) గుడ్ల పైన రెండు వేళ్ల ఎత్తు ఉండేలా చల్లనీళ్లు పోయండి. మధ్యస్థ మంట మీద పెట్టండి. పెద్ద మంట పెట్టి తొందరపడితే మళ్లీ పగుళ్లే.

5) నీళ్లు వెచ్చబడే మొదటి ఐదు నిమిషాలూ గరిటెతో గుడ్లని మెల్లిగా దొర్లిస్తూ ఉండండి. పచ్చసొన మధ్యలో నిలబడుతుంది. ఇది తప్పనిసరి కాదు, కానీ సగానికి కోసి పెట్టాలనుకుంటే అందంగా ఉంటుంది.

6) నీళ్లు తెర్లడం మొదలవగానే సిమ్‌లో పెట్టి టైమర్ 10 నిమిషాలకి పెట్టండి. పెద్ద గుడ్లయితే 11. కుతకుతలాడనివ్వకండి, అక్కడక్కడా బుడగలొస్తే చాలు.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు 100 డిగ్రీలకి కాదు, దాదాపు 98కే మరుగుతాయి. అందుకే వైజాగ్‌లో అక్కయ్య చెప్పిన తొమ్మిది నిమిషాలు ఇక్కడ ఒక్కోసారి సరిపోవు. ఆ తొమ్మిదికి ఒక నిమిషం కలిపితేనే పైన చెప్పిన 10.

7) టైమర్ మోగగానే దించేయండి. ఇంకాస్త ఉడికితే పోయేదేముందిలే అనుకోవద్దు. ఎక్కువసేపు వేడిలో ఉంటే తెల్లసొనలోంచి వచ్చే గంధకపు వాయువు, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ ఆకుపచ్చ రింగు కడుతుంది. ప్రమాదమేమీ లేదు, కానీ పిల్లలు చూసి ముక్కు మూసుకుంటారు.

పద్ధతి రెండు: ఇడ్లీ పాత్రలో ఆవిరికి (డజను లోపు గుడ్లకి)

ఇప్పుడు నేనెక్కువగా చేసేది ఇదే. ఇడ్లీ గుంటలో గుడ్డు పడుకోబెడితే కదలదు, పక్కదానికి తగలదు, నీళ్లలో దొర్లదు. పగుళ్లు చాలా తగ్గాయి. ఆవిరికి ఉడికినది ఒలవడం కూడా తేలిక.

ఒక చిక్కు ఉంది. ప్లేట్ల మధ్య ఎడం ఇడ్లీకి సరిపడా ఉంటుందిగానీ గుడ్డుకి సరిపోదు. కాబట్టి మధ్య ప్లేటు తీసేసి, ఒకటి విడిచి ఒకటి పెట్టండి. అలా కుదరకపోతే ఒక్క ప్లేటుతోనే రెండు వాయిలు తీయండి. పై ప్లేటు గుడ్లని నొక్కుతుంటే మూత పెట్టేముందే తెలుస్తుంది, బలవంతం చేయకండి.

అడుగున రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, ఆవిరి బాగా వచ్చాక గుడ్లు పెట్టి మూతపెట్టండి. మధ్యస్థ మంట మీద 13 నిమిషాలు. కుక్కర్ని ఇలా వాడుతుంటే వెయిట్ పెట్టకండి. మధ్యలో మూత తీసి చూడకండి, ఆవిరి పోతే లెక్క తప్పుతుంది.

ఉడికిందో లేదో: ఒక గుడ్డు బలిచ్చి కోసి చూడటమే నమ్మకం. బల్లమీద తిప్పి చూడటం కూడా ఒక పద్ధతి. ఉడికినది బొంగరంలా నిలకడగా తిరుగుతుంది, పచ్చిది తూలుతుంది. కానీ సగం ఉడికినదాన్ని అది పట్టించదు.

పిన్నీసుతో బొద్దు చివర చిల్లు పెడితే పగలదని కొందరంటారు. నేను రెండేళ్లు చేసి చూశాను, నాకు పెద్ద తేడా కనబడలేదు. పైగా ఆ చిల్లు చుట్టూ రంగు చుక్కలా దిగుతుంది. మానేశాను.

## 6. చల్లార్చడం, ఆరబెట్టడం

దించిన వెంటనే ఐస్ నీళ్ల బేసిన్‌లోకి, 10 నిమిషాలు. మే నెలలో మన కుళాయి నీళ్లు చల్లబరచవు, ట్యాంకులోంచే వేడిగా వస్తాయి. అందుకే ఐస్ ముందే చేసిపెట్టుకోమన్నాను.

తర్వాత మెత్తటి గుడ్డతో ఒత్తి తుడవండి, రుద్దకండి. గాజుల మీద నిలబెట్టి ఫ్యాన్ కింద 20 నిమిషాలు ఆరనివ్వండి. తడి చుక్క ఉన్నచోట రంగు పలచబడి మచ్చ పడుతుంది.

ముందురోజు రాత్రే ఉడకబెట్టి ఫ్రిజ్‌లో పెట్టినా పర్లేదు, నిజానికి పిల్లలతో పని కాబట్టి అదే హాయి. అయితే ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డుకి చెమట పడుతుంది. ఆ చెమటతోనే రంగులో ముంచితే మచ్చలు గ్యారంటీ. ఫ్యాన్ కింద ఆరి, టిష్యూతో తుడిస్తే తడి అంటనప్పుడే మొదలుపెట్టండి.

## 7. సీసా రంగులతో

సీల్ ఉన్న ప్యాకెట్ లేదా సీసా మాత్రమే కొనండి. దానిమీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, టార్ట్రాజిన్, బ్రిలియంట్ బ్లూ లాంటి రంగు పేర్లు ఉన్నాయా చూడండి. ఒకసారి నేను పొట్లం కట్టి ఇచ్చిన విడి పొడి తెచ్చాను. ఎర్రటి ఎరుపు, చూడముచ్చటగా ఉంది. గుడ్డు ఒలిస్తే ఆ ఎరుపు తెల్లసొన లోపలిదాకా పాకింది, ఏదో పెయింట్ వాసన. ఎనిమిది గుడ్లు పారేశాను. హోలీ రంగులు, ఫ్యాబ్రిక్ పెయింట్లు, కుంకుమ తినే గుడ్డు మీద అసలు వద్దు. పెంకుకి రంధ్రాలుంటాయని మర్చిపోకండి.

ఒక్కో గ్లాసుకి కొలత:

☐ వేడినీళ్లు అర కప్పు, అంటే 120 మి.లీ.
☐ వెనిగర్ 1 టీస్పూను (లేదా నిమ్మరసం 2 టీస్పూన్లు, గింజలు, తొనలు లేకుండా వడకట్టి)
☐ ద్రవం రంగు 15 నుంచి 20 చుక్కలు, పొడి అయితే చిటికెడు

పొడి రంగు పూర్తిగా కరిగేదాకా కలపండి, లేదంటే గుడ్డు మీద తట్టులా చుక్కలు పడతాయి. నీళ్లు గోరువెచ్చగా అయ్యాక గుడ్డు దించండి.

వెనిగర్ ఎందుకు? ఈ రంగులు పుల్లటి నీళ్లలోనే పెంకు మీది పొరని గట్టిగా పట్టుకుంటాయి. వెనిగర్ లేకుండా చేసి చూడండి, ఎరుపు బదులు రోజా రంగు వస్తుంది. అలాగని ఎక్కువ పోస్తే, పెంకులో ఉన్న సున్నపు పదార్థం కరగడం మొదలవుతుంది. గుడ్డు చుట్టూ సన్నటి బుడగలు కాసిని వస్తే సరే. సోడాలా పొంగుతుంటే నీళ్లు కలపండి.

మూడు నిమిషాలకి లేతగా, ఐదుకి మధ్యరకంగా, పదికి ముదురుగా వస్తుంది. మధ్యలో ఒకసారి తిప్పాలి. తీసేటప్పుడు పట్టకారు వద్దు, గరిటెతో కిందినుంచి ఎత్తండి. ఎత్తాక వేలితో తుడవాలని ప్రతి పిల్లాడికీ అనిపిస్తుంది. ఆ ఒక్క క్షణం ఆపగలిగితే సగం పని అయినట్టే.

## 8. వంటింటి రంగులతో

వీటికి ఓపిక కావాలి, కానీ వచ్చే రంగుల ముందు సీసా రంగులు తేలిపోతాయని నా అభిప్రాయం. అన్నిటికీ వరస ఒకటే. ముందు మరిగించాలి, పలుచటి గుడ్డలో వడకట్టాలి, చల్లారాక కప్పుకి ఒక టేబుల్‌స్పూను చొప్పున వెనిగర్ కలపాలి, ఉడికిన గుడ్లు అందులో ముంచి ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట వదిలేయొద్దు. రెండు గంటలకి లేత రంగు, రాత్రంతా ఉంచితే ముదురు రంగు.

ఉల్లి పొట్టు. రైతుబజార్‌లో ఉల్లిపాయల కుప్ప దగ్గర నిలబడి పొట్టు కావాలని అడగండి. మొదట వింతగా చూస్తారు, తర్వాత సంచి నింపి ఇస్తారు, డబ్బులడగరు. ఎండు పొట్టు మాత్రమే ఏరుకోండి, కుళ్లినది వద్దు. ఒకసారి నీళ్లలో జాడించి దుమ్ము తీయండి. లీటరు నీళ్లకి నాలుగు కప్పుల పొట్టు, అరగంట సన్నమంట. ఇటుక రంగు వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు దీనితోనే మొదలుపెట్టండి, ఇది బాగా కుదురుతుంది.

పసుపు. రెండు కప్పుల నీళ్లకి రెండు టేబుల్‌స్పూన్లు, పది నిమిషాల మరుగు. రెండుసార్లు వడకట్టకపోతే గుడ్డు మీద గసి కూర్చుంటుంది. బంతిపువ్వు పసుపు వస్తుంది. ఇందులో ఒక ఆట దాగుంది. ఆరిన పసుపు గుడ్డు మీద తినేసోడా కలిపిన నీళ్లతో, ఇయర్‌బడ్ ముంచి గీతలు గీయనివ్వండి. గీసినచోట నారింజ-ఎరుపులోకి తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది ఈ గుణం వల్లే. పిల్లలకి మాత్రం సున్నం ఇవ్వకండి, సోడా చాలు.

ఎర్ర క్యాబేజీ. పేరు ఎరుపు, చూడ్డానికి ఊదా, వెనిగర్ వేస్తే నీళ్లు గులాబీ, గుడ్డు మాత్రం నీలం! సగం క్యాబేజీ తరిగి లీటరు నీళ్లలో అరగంట మరిగించండి. ఆ రంగు పదార్థం పులుపులో ఎర్రగా, క్షారంలో నీలంగా మారుతుంది. పెంకు క్షారమే కాబట్టి దాన్ని తాకిన చోట నీలం తిరుగుతుంది. తీసిన వెంటనే బూడిదలా కనిపించినా కంగారు పడకండి, ఆరేకొద్దీ నీలం తేలుతుంది. ముందు పసుపులో గంట ఉంచి ఆరాక ఇందులో వేస్తే ఆకుపచ్చ.

బీట్‌రూట్. అందరూ మొదట అడిగేది, నిరాశపరిచేది ఇదే. తీసినప్పుడు ముచ్చటైన గులాబీ. ఆరేసరికి మట్టి రంగు. నేను వదిలేశాను.

పాలకూర ఆకుపచ్చ కోసం ప్రయత్నించకండి, కూరగానే బాగుంటుంది. టీ డికాషన్‌లో మాత్రం మంచి గోధుమరంగు వస్తుంది.

## 9. కొత్తిమీర అచ్చు, మైనపు ముగ్గు

ఆకు అచ్చు. దీనికి మాత్రం పచ్చి గుడ్డే కావాలి, ఉడకడం, రంగు పట్టడం ఒకేసారి జరుగుతాయి. చిన్న కొత్తిమీర ఆకు తడిపి గుడ్డు మీద పరిచి, వేలితో అంచులు నొక్కండి. పాత చున్నీ ముక్క చుట్టి, వెనక్కి లాగి, దారంతో బిగించి ముడేయండి. గుడ్డ ఎంత బిగుతుగా ఉంటే అచ్చు అంత స్పష్టం. వదులుగా ఉంటే రంగు ఆకు కిందికి దూరి, ఆకు కాస్తా మేఘంలా అవుతుంది. చల్లారిన ఉల్లి పొట్టు నీళ్లలో ఈ మూటలు పెట్టి, మరుగు వచ్చాక సన్నమంటమీద 12 నిమిషాలు ఉంచండి. తర్వాత చల్లనీళ్లలో వేసి, గుడ్డ విప్పి, ఆకు తీసేయండి. ఇటుక రంగు మీద తెల్లటి ఆకు, ఈనెలతో సహా. మెంతాకు కూడా బాగా వస్తుంది. కరివేపాకు దళసరి, పెంకుకి సరిగ్గా అంటుకోదు.

మైనపు ముగ్గు. ఉడికి ఆరిన గుడ్డు మీద తెల్ల కొవ్వొత్తి కొనతో చుక్కలు పెట్టి ముగ్గు వేయండి, లేదా పేరు రాయండి. గీత కనిపించదు కాబట్టి ఎక్కడ గీశామో గుర్తు పెట్టుకోవాలి. రంగులో ముంచగానే తెల్లగా బయటపడుతుంది. ఇక్కడ రంగు నీళ్లు పూర్తిగా చల్లారి ఉండాలి. వేడిగా ఉంటే మైనం కరిగి ముగ్గు పోతుంది. మూడు చుక్కల ముగ్గు దాటి పోవద్దు, గుడ్డు గుండ్రం మీద ఐదు చుక్కలు కలపడం పెద్దవాళ్ల వల్లే కాదు.

రబ్బరు బ్యాండ్లు చుట్టి ముంచితే చారలొస్తాయి. మూడేళ్ల పిల్లలకి అది చాలు. అయితే బ్యాండు చుట్టేది మీరే, వాళ్లు చుడితే గుడ్డు నేల మీదుంటుంది.

## 10. పిల్లల్ని కూర్చోబెట్టే వరస

ఏప్రిల్లో మధ్యాహ్నం పెట్టుకోకండి. శనివారం ఉదయం 8కి మొదలుపెట్టి 10 లోపు ముగించండి. టేబుల్ మీద కన్నా నేల మీద మేలు, పడినా జానెడు ఎత్తు నుంచే. న్యూస్‌పేపర్లు నాలుగు పొరలు పరిచి, అంచుల మీద చెప్పులో, పుస్తకాలో బరువు పెట్టండి, ఫ్యాన్ గాలికి లేస్తాయి. మార్బుల్ నేల మీద పసుపు నీళ్లు పడితే వెంటనే తుడవాలి, తర్వాతంటే పోదు.

ఒక్కో పిల్లకి ఒక్కో గుడ్డు చేతికివ్వండి, ట్రే మొత్తం మధ్యలో పెట్టొద్దు. పొయ్యి, వేడినీళ్లు పెద్దల పని. కలపడం, ముంచడం, టైమర్ చూడటం పిల్లల పని. పదేళ్ల పిల్లకి టైమర్ బాధ్యత ఇస్తే మిగతావాళ్లని తనే అదుపులో పెడుతుంది.

## 11. తేడా వస్తే

ఉడికేటప్పుడు పగిలి తెల్లసొన బయటికొస్తోంది: నీళ్లలో ఒక చెంచా వెనిగర్ వేయండి, కారేది అక్కడికక్కడే గడ్డకట్టి ఆగుతుంది. ఆ గుడ్డు రంగుకి పనికిరాదు, ఆ పూటే తినేయండి.

సగం రంగు పట్టింది, సగం పట్టలేదు: అక్కడ జిడ్డు ఉంది. కొబ్బరినూనె రాసుకున్న చేతులతో పట్టుకున్నారేమో చూడండి. వెనిగర్‌లో ముంచిన దూదితో ఆ చోట ఒకసారి తుడిచి మళ్లీ ముంచండి.

రంగు మరీ లేతగా ఉంది: ముందు వెనిగర్ వేశారో లేదో గుర్తు తెచ్చుకోండి. తర్వాత టైము పెంచండి. రంగు చుక్కలు పెంచడం చివరి మాట.

ఎండాక చేతికి అంటుకుంటోంది: వెనిగర్ తక్కువైంది, లేదా పూర్తిగా ఆరలేదు. ఇంకో గంట ఫ్రిజ్‌లో వదిలేయండి.

అన్ని రంగులూ కలిసి బురద రంగు వచ్చింది: మరమ్మతు లేదు. దాని మీద తెల్ల క్రేయాన్‌తో కళ్లు, మీసాలు గీయండి. మా ఇంట్లో ప్రతి ఏడాదీ ఒక బురద మామయ్య తయారవుతాడు.

మెరుపు కావాలి: పూర్తిగా ఆరాక, ఒక్క చుక్క వంటనూనె గుడ్డకి రాసి పైపైన తుడవండి. ముందే రాస్తే ఇక రంగు పట్టదు.

## 12. దాచడం, తినడం

ఉడికిన గుడ్డు కదా చెడిపోదులే అనుకోవడం పెద్ద పొరపాటు. ఉడికేటప్పుడు పెంకు మీది రక్షణ పొర దెబ్బతింటుంది, అందుకే ఉడికినది పచ్చిదాని కన్నా త్వరగా పాడవుతుంది. మామూలు గది వేడిలో ఫ్రిజ్ బయట రెండు గంటలు దాటనివ్వకండి. గదిలో 32 డిగ్రీలు దాటితే గంటే లెక్క, అంటే మన ఏప్రిల్, మే నెలల్లో గంటే. రంగేసే టైము, ఆరే టైము అన్నీ కలిపి. అందుకే ఒకేసారి అన్నీ బయటికి తీయకుండా, ఆరారు చొప్పున తీసి, అయినవి లోపల పెడుతూ పోండి. బుట్టలో పేర్చి ఫొటో తీసుకోవాలంటే తీసుకుని వెంటనే ఫ్రిజ్‌లోకి.

☐ ఫ్రిజ్‌లో పెంకుతో: ఉడికిన రోజు నుంచి వారం లోపు తినాలి
☐ పగిలినవి: అదే రోజు
☐ కింద పార్కులో దాచి వెతికే ఆట ఆడినవి: తినొద్దు
☐ అలంకారానికి రాత్రంతా బల్లమీద ఉన్నవి: తినొద్దు
☐ ఫ్రీజర్‌లో: వద్దు, తెల్లసొన రబ్బరులా సాగుతుంది

దాచే ఆటకి వేరుగా నాలుగు గుడ్లు పెట్టుకోండి, వాటిమీద కొవ్వొత్తితో ముందే గుణకారం గుర్తు గీయండి. లేకపోతే ఏది ఏదో తెలియదు.

ఒలిచేటప్పుడు బొద్దు చివర తట్టి, నీళ్లలో ముంచి ఒలవండి, గాలి ఉండే చోటు అదే కాబట్టి పొర తేలిగ్గా చిక్కుతుంది. ఆహారపు రంగైతే తెల్లసొన మీద గీతలు గీతలుగా దిగినా పర్లేదు. నాలుగు గాట్లు పెట్టి, పసుపు, కారం వేసి నూనెలో వేయించి పులుసులో వేయండి. చింతపండు రసంలో పడ్డాక ఏ గుడ్డుకి ఏ రంగేశారో ఎవరికీ తెలియదు. మావాడు మాత్రం గరిటె పట్టుకుని నీలం గీత ఉన్నది తనదేనని వెతుకుతుంటాడు, అందుకే వాడిది ఒకటి పులుసులో వేయకుండా పక్కన పెడతాను.